లావు తీగ

రోల్లాలో మెట్ల కింద కొట్టు. రోమెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి.
"మొదటిసారా?" అన్నాడు హిందీలో,
నా చెయ్యి పట్టుకుని తిరగేసి చూస్తూ,
పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా.
రాగి గొట్టాలు వంచి వంచి కాయలు కాసిన వేళ్లు.
"సగం పని ఏసీలే చేసిపెట్టాయి నీకు," అని నవ్వాడు.

ఐదు తీగలది వద్దన్నాడు.
నాలుగింట్లో తప్పిపోయినా
బయటపడడానికి ఏడాది పడుతుందట.
కొత్తదీ వద్దన్నాడు.
మెడ వంగిందో లేదో
ఒక కన్ను మూసి, తుపాకీ గురిపెట్టినట్టు చూడమన్నాడు.
చూశాను. ఏమీ తెలియలేదు.
తెలిసినట్టు తలూపాను.

తీగల దగ్గర పేచీ వచ్చింది.
గరుకు చుట్టువి గట్టిగా మోగుతాయి, వేళ్లు గీరతాయి.
చదునువి మెత్తన. ధర రెండింతలు.
కానీ ఏళ్ల తరబడి మార్చక్కర్లేదట.
ఆగస్టులో ఈ ఊరి గాలి పిండని తడిగుడ్డ.
ఉప్పు తిన్న ఇనుము ఏమవుతుందో
ఖోర్ ఒడ్డు మేడల మీద
అవుట్‌డోర్ యూనిట్లు విప్పే నన్నడగండి.
చదునువే, అన్నాను.
గరుకువే, అంది జేబు.

ఇక ఆంప్లిఫయర్.
పదిహేను వాట్లది స్టూలంత.
నలభై వాట్లది చిన్న ఫ్రిజ్జంత.
"దాంట్లో లావు తీగ దగ్గుతుంది,
దీంట్లో మాట్లాడుతుంది," అన్నాడు.
"గది ఎంత?"
నేను అడుగులు కాదు, మంచాలు లెక్కపెట్టాను.
ఎనిమిది.
నలుగురిది పగటి డ్యూటీ, నలుగురిది రాత్రి డ్యూటీ.
ఎవరో ఒకరు పడుకుని లేని గంటంటూ లేదు మా గదిలో.
రోమెల్ ఇంకేం మాట్లాడకుండా
రెండింటి మీదా గుడ్డ కప్పేశాడు.

నల్ల సంచి వీపున వేసుకొస్తుంటే
టీ కొట్టు మలబారు కుర్రాడు అడిగాడు,
"బ్యాటింగా, బౌలింగా?"

శ్రుతికి యాప్ ఉంది. వాడలేదు.
మా కిటికీ ఏసీ పదకొండేళ్లుగా
ఒకే స్వరం పట్టుక్కూర్చుంది.
సన్న తీగను దాని దాకా బిగించి
వెంట్రుకవాసి కిందికి దింపాను.
మిగతా మూడూ దాన్ని చూసి నేర్చుకున్నాయి.

ఆంప్లిఫయర్ లేని బేసు
అద్దం అవతల మాట్లాడే మనిషి.
పెదాలు కదులుతాయి, అంతే.
గడ్డం కొమ్ముకి ఆనిస్తే మాత్రం పళ్లలో వినబడింది.
తల భాగాన్ని మంచం కోడుకి ఆనించి
లావు తీగ మీటాను.

తీగ లాగితే డొంక కదులుతుందంటారు.
మంచం కదిలింది.
పై నుంచి లింబాద్రి తల గబ్బిలంలా వేలాడింది.
రాత్రంతా మాల్ పార్కింగులో నిలబడొచ్చిన మనిషి.
"ఏందిరా అది?"
"ఏం లేదన్నా. ఆపుత."
"ఏం లేదంటవేంది, నా ఎన్నుపూసల కొట్టింది!"
కాసేపు ఆగి,
"ఏ తీగ అది?"
"లావుది."
"గదే కొట్టు. మెల్లగ. గడియారం లెక్క."

అట్లా రోజూ సాయంత్రం డ్యూటీ దిగొచ్చి
ఒకే తీగ, మూడు మెట్లు.
అంతకుమించి నాకు రాదు.
అంతకుమించి అతనికి అక్కర్లేదు.
పది నిమిషాల్లో పైన గురక,
తాళం తప్పకుండా.

మూడో నెలకి తీగలు మూగబోయాయి.
నీళ్లలో మరగబెట్టమన్నాడు రోమెల్.
శుక్రవారం బగారా వండే గిన్నెలో వేశాను.
నాలుగు చెమట పాములు, పైన తుప్పు నురగ.
ఆ రోజు ఏడుగురు తిట్టారు.
లింబాద్రి గిన్నె కడిగాడు.

మొన్న అతన్ని జబల్ అలీ క్యాంపుకి మార్చారు.
బకెట్టు, బొంత, అద్దం. మూడే సామాన్లు.
రోమెల్ ఫోన్ చేశాడు:
నలభై వాట్లది తగ్గించి ఇస్తాడట.
ఆలోచిస్తానన్నాను.

రాత్రి లావు తీగ మీటితే
పై మంచం బోల్టు గిలకలా కొట్టుకుంది.
ఇన్నాళ్లూ తొంభై కిలోల బరువు
దాన్ని అణచి ఉంచిందని అప్పుడు తెలిసింది.
స్పానర్ నా సంచిలోనే ఉంది.
బిగించలేదు.

రేపు ఎవరో సిల్హెట్ కుర్రాడు వస్తాడట.
బక్కగా ఉంటాడని చెప్పారు.